మిడిల్‌వేర్ పీకేసి సాకెట్లు రాయాలా? తాలు ఏరే మిషన్ మీద అడిగిన ప్రశ్నకు జవాబు

అన్నయ్యా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు. జవాబు పొడుగే. ఓ కప్పు టీ పక్కన పెట్టుకుని చదువు.

నువ్వు అడిగింది ముందు నా మాటల్లో చెబుతా, తర్వాత చదివేవాళ్లకి తలాతోకా తెలియాలి కదా. విజయవాడ ఆటోనగర్లో మీ షెడ్డులో ఎండుమిర్చిలోంచి తాలు (రంగు పోయిన) కాయలు ఏరే మిషన్ తయారవుతోంది, గుంటూరు బయట ఒక కోల్డ్ స్టోరేజీలో ట్రయల్ నడుస్తోంది. బెల్టు సెకనుకు 3 మీటర్లు కదులుతుంది. పైన నాలుగు కలర్ కెమెరాలు, ఒక్కొక్కటి 1920×1200, సెకనుకు 60 ఫ్రేములు. ఒక ఎంబెడెడ్ జీపీయూ బోర్డు (బొమ్మల లెక్కలు వేగంగా చేసే చిప్పున్న చిన్న కంప్యూటర్) బొమ్మలు చూసి తాలు ఎక్కడుందో చెబుతుంది. కెమెరాకి 45 సెంటీమీటర్ల అవతల ఉన్న గాలి నాజిల్ దాన్ని పక్కకి కొడుతుంది. రెండో బోర్డు రికార్డింగుకీ, ఓనరుగారి క్యాబిన్లో స్క్రీన్‌కీ. వీటన్నిటి మధ్యా మాటలు మోసే మిడిల్‌వేర్, అంటే ప్రోగ్రాముల మధ్య కబుర్లు అందించే సాఫ్ట్‌వేర్, రాస్ 2 హంబుల్ (రోబోల కోసం వాడే సాఫ్ట్‌వేర్), దాని కింద డీడీఎస్ (మెసేజ్‌లు పంచే ప్రమాణం). సగటున 14 మిల్లీసెకన్లలో ఫలితం వస్తోంది. కానీ నాలుగైదు సెకన్లకోసారి అది 60 దాకా పోతోంది, అప్పుడు నాజిల్ తాలుని వదిలేసి వెనకొచ్చే మంచి కాయని కొడుతోంది. మీ మేనేజరుగారేమో "ఈ మిడిల్‌వేర్ బరువెక్కువ, పీకేసి సొంతంగా సాకెట్లు రాసేయండి" అంటున్నారు, అంటే ప్రోగ్రాములు నేరుగా నెట్‌వర్క్ మీద మాట్లాడుకునే కోడు మీరే రాసుకోమని. రాయాలా వద్దా?

వద్దు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టవుతుంది. నువ్వు పెట్టిన కోడూ సెట్టింగులూ రెండు సార్లు చదివా. మీరు మిడిల్‌వేర్‌కి దానిది కాని పనులు రెండు అప్పజెప్పారు. బరువు మోయమన్నారు, టైము చూసుకోమన్నారు. ఆ రెండూ దాని నెత్తి మీద నుంచి దించితే మిగిలింది చీటీలు అందించే పని. అందులో మాత్రం నువ్వు ఆర్నెల్లు కూర్చుని రాసే సాకెట్ కోడు కంటే అదే మేలు.

ముందు టైము సంగతి. నీ తాలు కాయ తప్పించుకుంటున్నది అక్కడే.

45 సెంటీమీటర్లు, సెకనుకు 3 మీటర్లు. అంటే ఫోటో తీసిన క్షణం నుంచి కాయ నాజిల్ ముందుకి రావడానికి 150 మిల్లీసెకన్లు. నీకున్న గడువు అది. నీ ఫలితాల్లో అన్నిటికంటే చెడ్డది 60కి వచ్చేస్తోంది, గడువుకి ఇంకా 90 మిగిలే ఉంది. మరి గురి ఎందుకు తప్పాలి? నీ వాల్వు ఫంక్షన్ చూడు: ఫలితం చేతికొచ్చిన దగ్గర్నుంచి 136 మిల్లీసెకన్లు లెక్కపెట్టి వాల్వు తెరుస్తున్నావు. 14కి 136 కలిపితే 150, సగటు రోజున గురి కుదిరింది. అదే ఫలితం 60కి వస్తే వాల్వు 196కి తెరుచుకుంటుంది. బెల్టు మీద 1 మిల్లీసెకను అంటే 3 మిల్లీమీటర్లు, 46 మిల్లీసెకన్లంటే దాదాపు 14 సెంటీమీటర్లు. మిరపకాయ పొడవే అంత ఉండదు! తాలు దర్జాగా దాటిపోయింది, దాని వెనక వచ్చే పాపం మంచి కాయ దెబ్బ తింది.

అంటే ఆలస్యం కాదు నీ జబ్బు. మెసేజ్ వచ్చిన టైముని కాయ ఉన్న చోటికి గుర్తుగా వాడుకోవడం.

బెల్టు రోలర్‌కి ఒక ఎన్‌కోడర్ బిగించు, రోలర్ తిరిగిన కొద్దీ పల్సులు ఇచ్చేది. ఇప్పటికే ఉంటే ఇంకా మంచిది. ఆ పల్సులు ఒక చిన్న మైక్రోకంట్రోలర్ కౌంటర్లోకి పోవాలి, కెమెరాలకి ట్రిగ్గర్ కూడా అదే మైక్రోకంట్రోలర్ ఇవ్వాలి. ట్రిగ్గర్ ఇచ్చినప్పటి కౌంటు ఆ ఫ్రేముతో పాటు చివరి దాకా ప్రయాణం చెయ్యాలి. జీపీయూ "ఫలానా కౌంటు, ఫలానా లేను, తాలు" అని ఒక చీటీ పంపుతుంది. మైక్రోకంట్రోలర్ ఆ కౌంటుకి 45 సెంటీమీటర్లకి సరిపడా పల్సులు కలిపి వరసలో పెట్టుకుని, కౌంటు రాగానే వాల్వు తెరుస్తుంది. చీటీ 8 బైట్లు దాటదు. 1 మెగాబిట్ క్యాన్ బస్సు (చిన్న మెసేజ్‌ల కోసం వాడే తీగ) మీద పంపినా సుమారు 130 మైక్రోసెకన్ల పని. ఇప్పుడు ఫలితం 14కి వచ్చినా 60కి వచ్చినా 120కి వచ్చినా దెబ్బ ఒకే చోట పడుతుంది. పైగా సరుకు బాగా పోసినప్పుడు బెల్టు కాస్త మందగిస్తుంది చూడు, అప్పుడు కూడా గురి చెదరదు, ఎందుకంటే నువ్వు లెక్కపెడుతున్నది దూరం. వాల్వు తెరుచుకోవడానికి పట్టే కొద్ది మిల్లీసెకన్లు మాత్రం టైమే, వాటిని అప్పటి వేగంతో కౌంటులోకి మార్చి ముందే తీసెయ్యి.

ఇక్కడ ఒక గుంట ఉంది, నేనూ ఒకసారి పడ్డా. ఫ్రేము నంబరు కెమెరా ఇచ్చేదే వాడు, నీ నోడ్‌లో (రాస్‌లో ఒక్కో ప్రోగ్రాము ముక్కని నోడ్ అంటారు) వచ్చినవి వచ్చినట్టు లెక్కపెట్టుకున్నది వాడకు. మధ్యలో ఒక్క ఫ్రేము పోయిందనుకో, నీ లెక్క ఒకటి వెనకబడుతుంది. అక్కణ్ణుంచి ప్రతి దెబ్బా 5 సెంటీమీటర్లు పక్కకి పోతుంది, మిషన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసేదాకా అంతే. ఆపరేటరు "పొద్దున బాగానే ఉంది సార్, మధ్యాహ్నం నుంచి తేడా చేస్తోంది" అంటాడు. నువ్వు వారం రోజులు లైటింగు మీద అనుమానపడతావు.

జీపీయూ ముందు ఫ్రేములు వేచి ఉండే క్యూ లోతు 10 పెట్టావు, "ఎందుకైనా మంచిదని" అని పక్కన కామెంటు కూడా రాశావు. మంచిది కాదు. సెకనుకు 60 ఫ్రేముల లెక్కన 10 ఫ్రేములంటే 167 మిల్లీసెకన్లు. క్యూ నిండితే చివరి ఫ్రేము చేతికొచ్చేసరికి అందులోని కాయ ఎప్పుడో బస్తాలో పడిపోయి ఉంటుంది. దాని మీద జీపీయూని తిప్పడం దండగ, పైగా వెనకున్న బతికున్న ఫ్రేములు కూడా ఆలస్యమవుతాయి. లోతు 1, కాదంటే 2. పాతబడినదాన్ని చూడకుండా పారెయ్, పారేసిన ప్రతిసారీ ఒక కౌంటరు పెంచు. ఆ కౌంటరు ఎంతో ఆపరేటరుకి కనపడాలి.

ఇక బరువు.

మీ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే మిర్చి యార్డు కంటే మంచి ఉదాహరణ లేదు. రైతు తెచ్చిన టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెడతాడు, బాండు చేతికిస్తారు. తర్వాత ఆ సరుకు మీద అప్పు తీసుకున్నా, అమ్మినా, చేతులు మారేది బాండు కాగితమే. టిక్కీ ఉన్నచోటే ఉంటుంది. చేతులు మారిన ప్రతిసారీ నలభై కిలోల పైచిలుకు టిక్కీని హమాలీ దించి, ఇంకో గదికి మోసి, మళ్లీ పేర్చాలంటే ఆ వ్యాపారం ఎవడు చేస్తాడు? నీ మిషన్లో సరిగ్గా అదే జరుగుతోంది. బొమ్మ టిక్కీ, మెమరీ అడ్రసు బాండు. నువ్వు బాండుకి బదులు టిక్కీని తిప్పుతున్నావు.

ఒక్క ఫ్రేము వెనకాల నడుద్దాం రా. కెమెరా పంపేది బేయర్ రూపంలో, అంటే పిక్సెల్‌కి ఒక్క రంగే, ఒక బైటు, మొత్తం 2.3 ఎంబీ. డ్రైవర్ నోడ్‌లో మొదటి పనిగా దాన్ని ఆర్‌జీబీ (పిక్సెల్‌కి మూడు రంగులు) చేశావు, 6.9 ఎంబీ అయింది. పనేమీ మొదలుకాకముందే బస్తా మూడు రెట్లు బరువెక్కింది. ఆ ఆర్‌జీబీని మెసేజ్‌లోకి కాపీ చేశావు, ఒకటి. మిడిల్‌వేర్ దాన్ని సీరియలైజ్ చేసింది, అంటే పంపడానికి వీలుగా బైట్ల వరసగా పేర్చింది, రెండు. ట్రాన్స్‌పోర్టులోకి తోసింది, మూడు. అవతలి ప్రాసెస్ బయటికి తీసింది, నాలుగు. మళ్లీ మెసేజ్‌గా విప్పింది, ఐదు. ఓపెన్‌సీవీ (బొమ్మల పనికి వాడే లైబ్రరీ) మ్యాట్రిక్స్‌లోకి నువ్వే ఇంకో కాపీ తీశావు, ఆరు. అక్కణ్ణుంచి జీపీయూకి ఎక్కించావు, ఏడు. ఏడు సార్లు దించి ఎక్కించడం.

నాలుగు కెమెరాలు, 60 ఫ్రేములు, 6.9 ఎంబీ: సెకనుకు 1.66 జీబీ. ప్రతి కాపీకి ఒక చదువు, ఒక రాత. ఏడు కాపీలంటే పద్నాలుగు సార్లు, సెకనుకు 23 జీబీ పైమాటే. 128 బిట్ల వెడల్పుతో 3200 వేగానికి నడిచే ఎల్‌పీడీడీఆర్4 మెమరీ కాగితం మీద ఇచ్చేది 51.2 జీబీ, అసలు పనిలో అంత రాదు. నీ బోర్డులో జీపీయూ తాగేది కూడా అదే చెరువులోంచి. అంటే మిరపకాయని ఇంకా ఎవరూ చూడకముందే చెరువులో సగం నీళ్లు బిందెలు మార్చడానికే అయిపోతున్నాయి. ఒక ఆర్మ్ కోర్ సెకనుకు 5 జీబీ కాపీ చేస్తుందనుకున్నా ఒక్కో ఫ్రేముకి ఒక్కో కాపీ 1.4 మిల్లీసెకన్లు, ఏడింటికి దాదాపు 10. నీ 14లో ఎక్కువ వాటా ఏదో ఇప్పుడు తెలిసిందా?

ఇక్కడే సాకెట్లు రాస్తే ఏమవుతుందో కూడా చూడు. సీరియలైజ్ చెయ్యడం, విప్పడం పోతాయి, రెండు కాపీలు తగ్గుతాయి. ఐదు అలాగే ఉంటాయి. ఆ రెండిటి కోసం డిస్కవరీ (ఎవరెక్కడున్నారో కనుక్కోవడం), మళ్లీ కనెక్ట్ అవ్వడం, వెర్షన్లు కలవడం అన్నీ నువ్వే రాసుకోవాలి.

నేనైతే ఇలా చేస్తా. బేయర్‌ని బేయర్‌గానే పంపు, రంగులు విడదీసే పని జీపీయూకి ఇవ్వు. దానికి అది చిటికెలో పని. ఈ ఒక్క మార్పుతోనే మోసే బరువు మూడో వంతుకి వస్తుంది, సెకనుకు 0.55 జీబీ. తర్వాత డ్రైవర్ నోడ్‌నీ, జీపీయూ నోడ్‌నీ ఒకే ప్రాసెస్‌లో కంపోనెంట్లుగా పెట్టి, ఇంట్రా ప్రాసెస్ (ప్రాసెస్ లోపలే మెసేజ్ అందించే సెట్టింగు) ఆన్ చేసి, మెసేజ్‌ని యూనిక్ పాయింటర్‌గా (యజమాని ఒక్కరే ఉండే అడ్రసుగా) అప్పగించు. అప్పుడు చేతులు మారేది అడ్రసు మాత్రమే, అంటే బాండు. ఒక షరతు: ఆ టాపిక్‌ని (మెసేజ్‌లు పోయే పేరున్న దారిని) ఇంకెవరైనా సబ్‌స్క్రైబ్ చేస్తే, అందులోనూ బయటి ప్రాసెస్ వాళ్లయితే, వాళ్ల కోసం మళ్లీ కాపీ మొదలవుతుంది. డీబగ్గింగ్ కోసమని ఎవరో ఆ టాపిక్ మీద ఒక చిన్న పైథాన్ స్క్రిప్టు తగిలించి మర్చిపోతారు, లేటెన్సీ (ఆలస్యం) ఎందుకు పెరిగిందో ఎవరికీ తెలీదు. మొదలయ్యే ముందు ఆ టాపిక్‌కి ఎంతమంది సబ్‌స్క్రైబర్లున్నారో చూసి, ఒకటి కంటే ఎక్కువ ఉంటే మిషన్ స్టార్ట్ కాకుండా నేను చెక్ పెట్టేవాణ్ణి. మొరటుగా ఉంటుంది గానీ పనిచేస్తుంది.

వేరు వేరు ప్రాసెస్‌లే కావాలంటే, అంటే ఒకటి పడిపోయినా ఇంకోటి బతకాలంటే, షేర్డ్ మెమరీలో లోన్డ్ మెసేజ్‌ల దారి ఉంది. ఐసోరిక్స్ అనే మిడిల్‌వేర్ పుట్టిందే దానికోసం. మిడిల్‌వేర్ దగ్గర ఖాళీ పెట్టె అరువు తీసుకుని, బొమ్మని నేరుగా అందులోనే నింపి, "నింపేశా" అని చెప్పడం. కానీ మామూలు ఇమేజ్ మెసేజ్‌తో ఇది కుదరదు. అందులో డేటా సైజు ముందే తెలియని వరస, పైన స్ట్రింగ్ ఒకటి. ఖాళీ పెట్టె ఎంత పెద్దది కావాలో ముందే తెలియాలి కదా. అందుకని 23,04,000 బైట్ల గట్టి సైజుతో సొంత మెసేజ్ రకం రాసుకోవాలి. చాలామంది లోన్ ఫంక్షన్ పిలిచి, జీరో కాపీ అయిపోయిందని సంబరపడి, మామూలు ఇమేజ్ మెసేజే వాడుతుంటారు. వెనకాల మామూలు కాపీ నడుస్తూనే ఉంటుంది.

జీపీయూ మెమరీ విషయంలో ఒక మాట. సీపీయూ, జీపీయూ ఒకే మెమరీ పంచుకునే బోర్డుల్లో మ్యాప్ చేసిన బఫర్ పెట్టుకుంటే ఏడో కాపీ కూడా పోతుంది. కాకపోతే పాత తరం బోర్డుల్లో అలాంటి బఫర్‌ని సీపీయూ క్యాష్ (దాని పక్కనుండే వేగమైన చిన్న మెమరీ) లేకుండా చూస్తుంది, సీపీయూ నుంచి చదివితే నత్తనడకే. నువ్వు సీపీయూలో ఏమీ చదవడం లేదు కాబట్టి నీకు ఇబ్బంది లేదు. రేపు ఎవరైనా అక్కడో హిస్టోగ్రాం లెక్క పెడతానంటే మాత్రం ఒప్పుకోకు.

ఇప్పుడు ఆ 60 మిల్లీసెకన్ల గెంతు. ఎన్‌కోడర్ పెడితే దానివల్ల నష్టం ఉండదన్నాను గానీ, కారణం తెలియని గెంతుని ఇంట్లో పెట్టుకోకూడదు. ఈ రోజు 60, రేపు 160.

నా అనుమానమంతా ఓనరుగారి స్క్రీన్ మీద. కెమెరా కాల్‌బ్యాక్‌లోనే, అదే థ్రెడ్‌లో, సెకనుకు పది సార్లు స్క్రీన్ టాపిక్ మీద పూర్తి ఆర్‌జీబీ బొమ్మ పంపుతున్నావు. రెండు బోర్డుల మధ్య ఉన్నది 1 గిగాబిట్ ఈథర్నెట్. 6.9 ఎంబీ అంటే 55 మెగాబిట్లు, ఒక్క ఫ్రేము తీగ మీద దాటడానికే, దారి మొత్తం ఖాళీగా ఉన్నా, 55 మిల్లీసెకన్లు. ఏ మిడిల్‌వేరూ దాన్ని తగ్గించలేదు.

ఆ ప్రయాణం ఎలా సాగుతుందో కూడా చూడు. యూడీపీ డేటాగ్రాం, అంటే నెట్‌వర్క్ మీద పోయే ఒక పొట్లం, 64 కేబీ మించదు కాబట్టి బొమ్మ వందకి పైగా ముక్కలవుతుంది. ఒక్కో ముక్కని 1500 బైట్ల ఈథర్నెట్ కోసం కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) మళ్లీ నలభై ఐదు తునకలు చేస్తుంది. ఆ నలభై ఐదిట్లో ఒక్క తునక పోతే 64 కేబీ మొత్తం పోయినట్టే. అవతల లినక్స్‌లో రిసీవ్ బఫర్ డిఫాల్టుగా 2,12,992 బైట్లు, అంటే అలాంటి డేటాగ్రాంలు మూడు పట్టడం గొప్ప. అక్కడ చదివేది పైథాన్ నోడ్, అది తీరిగ్గా వచ్చి తీసుకునేలోగా నాలుగోది కింద పడుతుంది. పోయిన తునక కోసం మిగతా తునకలు కెర్నల్‌లో 30 సెకన్ల దాకా ఎదురుచూస్తూ చోటు ఆక్రమిస్తాయి. ఆ చోటు నిండితే కొత్తవి కూడా పడిపోతాయి.

నువ్వేమో రిలయబుల్ (అందేదాకా మళ్లీ పంపు) పెట్టావు, హిస్టరీ కీప్ ఆల్ (అన్నీ దాచు) పెట్టావు. మెమరీ నిండిపోతోందని ఎక్స్‌ఎంఎల్ సెట్టింగుల ఫైల్లో శాంపిళ్ల (దాచుకునే మెసేజ్‌ల) పరిమితి 4 చేశావు. మూడూ విడివిడిగా చూస్తే తప్పు లేదు. కలిపితే ఏమవుతుందంటే: స్క్రీన్ వైపు ముక్కలు పోతాయి, మళ్లీ పంపమంటుంది, అది అందినట్టు కబురు వచ్చేదాకా పాత నాలుగూ పారెయ్యడానికి లేదు, ఐదోది పెట్టడానికి చోటు లేదు. అప్పుడు పబ్లిష్ ఫంక్షన్ అక్కడే నిలబడిపోతుంది. డీడీఎస్ ప్రమాణం ప్రకారం ఇలా నిలబడే గరిష్ఠ సమయం డిఫాల్టు 100 మిల్లీసెకన్లు. నీ కెమెరా థ్రెడ్ అంతసేపూ చేతులు కట్టుకుని ఉంటుంది, జీపీయూకి పోవాల్సిన తర్వాతి ఫ్రేము దాని వెనకాల. మిరపకాయకీ స్క్రీన్‌కీ ఏ సంబంధమూ లేదు, కానీ క్యాబిన్లో బొమ్మ ఇరుక్కుంటే కింద నాజిల్ గురి తప్పుతుంది.

స్క్రీన్ బొమ్మని 480×300కి కుదించు, పదహారో వంతవుతుంది. బెస్ట్ ఎఫర్ట్ (పోతే పోనీ), కీప్ లాస్ట్ 1 (చివరిదొక్కటే దాచు). పంపడం వేరే థ్రెడ్ నుంచి. రెండు వైపులా మార్చడం మర్చిపోకు. పబ్లిషర్ బెస్ట్ ఎఫర్ట్ ఇచ్చి సబ్‌స్క్రైబర్ రిలయబుల్ అడిగితే ఆ రెండూ కలవనే కలవవు, లాగ్‌లో ఓ మూల చిన్న హెచ్చరిక తప్ప ఏమీ కనపడదు. రికార్డింగుకి పూర్తి బొమ్మలు కావాలంటే మొదటి బోర్డుకే ఒక ఎన్‌వీఎంఈ డ్రైవ్ తగిలించు, తీగ మీద మోయకు. రిసీవ్ బఫర్ పెంచుకోవడం మంచి అలవాటే, దాని గరిష్ఠం పెట్టే ఆర్‌మెమ్ మ్యాక్స్ కొన్ని ఎంబీలు చెయ్యి. కానీ ఇక్కడ అది పైపూత మందు.

కొలత గురించి మీ మేనేజరుగారికి చూపించాల్సిన సంగతి ఒకటుంది. సగటు 14 అని రిపోర్టు రాశారు. నాలుగు కెమెరాలు సెకనుకు 240 ఫ్రేములు. వెయ్యికి ఒక్కటి తేడా చేస్తే, అంటే 99.9 శాతం బాగున్నా, నాలుగు సెకన్లకో తప్పు. నీ గెంతు కూడా సరిగ్గా అంతే. సగటులో అది కనీసం అర మిల్లీసెకను కూడా కదపదు. అందుకని హిస్టోగ్రాం గియ్యి, 99.9 శాతం ఫ్రేములు ఎన్ని మిల్లీసెకన్లలోపు వచ్చాయో, గరిష్ఠం ఎంతో రాయి. నీ బెంచ్‌మార్క్ స్క్రిప్టుకి ఇంకో లోపం ఉంది. ఒక మెసేజ్ పంపి, జవాబొచ్చాక రెండోది పంపుతోంది. మధ్యలో 60 మిల్లీసెకన్లు ఆగిపోతే ఆ టైములో రావాల్సిన మరో మూడు ఫ్రేములు అసలు పంపనే లేదు కాబట్టి వాటి ఆలస్యం లెక్కలోకే రాదు. ఒక్క చెడ్డ కొలత నమోదవుతుంది, అసలు చెడినవి నాలుగు. జవాబు కోసం చూడకుండా 16.7 మిల్లీసెకన్లకోటి పంపుతూ, పంపాల్సిన టైము నుంచి కొలువు.

నాకీ కొలతల పిచ్చి ఊరికే రాలేదు. రెండువేల దశకంలో బెంగళూరులో పవర్‌పీసీ బోర్డుల మీద సిగ్నల్ ప్రాసెసింగ్ పని చేశా, బోర్డుల మధ్య సీరియల్ రాపిడ్‌ఐఓ అనే లింకు. అక్కడ కార్నర్ టర్న్ అని ఒక పని ఉంటుంది. అడ్డ వరసలుగా వచ్చిన డేటాని నిలువు వరసలుగా మార్చాలి, ఆ నిలువు వరస ముక్కలేమో అన్ని బోర్డుల్లో చెదిరి ఉంటాయి. ప్రతి బోర్డూ ప్రతి బోర్డుకీ పంపాలి, పెళ్లి భోజనాల దగ్గర వడ్డించేవాళ్లంతా ఒకేసారి ఒకే పంక్తిలోకి దిగినట్టు. ఒక రోజు మా కార్నర్ టర్న్ ఒకటిన్నర రెట్లు నెమ్మదించింది. మెసేజ్‌లు మోసే లైబ్రరీని, అంటే అప్పటి మా మిడిల్‌వేర్‌ని, తిట్టాం, అమ్మినవాళ్లకి ఘాటుగా మెయిళ్లు పెట్టాం, మూడు వారాలు పోయాయి. చివరికి తేలింది: మా ముక్క సరిగ్గా 16,384 బైట్లు. మాలో ఒకరు డీబగ్గింగ్ కోసం దానికి 32 బైట్ల హెడర్ అంటించారు. ఆ లైబ్రరీ 16 కేబీ లోపు మెసేజ్‌లని అడక్కుండా పంపేస్తుంది, దాటితే ముందు "తీసుకుంటావా?" అని కబురు పెట్టి, "సరే" అని వచ్చాక పంపుతుంది. ఎంపీఐ (చాలా కంప్యూటర్లు కలిసి లెక్క చేసేటప్పుడు వాడే మెసేజ్ ప్రమాణం) లైబ్రరీల్లో కూడా ఇదే పద్ధతి. 32 బైట్ల వల్ల ప్రతి ముక్కకీ రానూపోనూ కబురు తోడైంది. హెడర్ తీసేసిన సాయంత్రం, మెయిళ్లు పెట్టింది నేనే కాబట్టి, క్షమాపణ మెయిలు కూడా నేనే రాశా.

అంత జరిగినా ఆ మిడిల్‌వేర్‌ని వదల్లేదు. రెండేళ్లకి బోర్డులు మారాయి, పవర్‌పీసీ పోయి ఇంటెల్ వచ్చింది. బైట్ల వరస సహా అన్నీ తిరగబడ్డాయి. మా అప్లికేషన్ కోడు పెద్దగా కదల్లేదు. పక్క టీము వాళ్లు రిజిస్టర్ల దాకా దిగి సొంతంగా రాసుకున్నారు, మా కంటే వేగంగానే నడిచేది. వాళ్లు మొత్తం తిరగరాశారు. మీ బోర్డు కూడా రెండేళ్లలో దొరక్కుండా పోతుంది, రాసిపెట్టుకో.

థ్రెడ్ ప్రయారిటీ గురించి కూడా అడిగావు. జీపీయూ థ్రెడ్‌కి రియల్ టైమ్ ప్రయారిటీ ఇచ్చినా తేడా లేదన్నావు. ఉండదు. మిడిల్‌వేర్ లోపల దానికి సొంత థ్రెడ్లుంటాయి, అవి మామూలు ప్రయారిటీలోనే ఉన్నాయి. నీ పెద్ద థ్రెడ్ వాటి చేతిలో ఉన్న తాళం (లాక్, ఒకరు పట్టుకుంటే మిగతావాళ్లు ఆగాలి) కోసం ఆగితే పెద్దరికం ఎందుకూ కొరగాదు. 1997లో అంగారకుడి మీద దిగిన నాసా నౌక పాత్‌ఫైండర్ ఇలాగే పదే పదే రీసెట్ అయింది. వాతావరణ కొలతలు తీసే చిన్న ప్రయారిటీ పని తాళం పట్టుకుంది, మధ్య ప్రయారిటీ పని ఒకటి దాన్ని కదలనివ్వలేదు, డేటా బస్సు చూసుకునే పెద్ద పని తాళం కోసం ఆగిపోయింది, వాచ్‌డాగ్ (పని ఆగిపోతే రీసెట్ చేసే కాపలా) వచ్చి అందరినీ లేపేసింది. ఆ తాళానికి ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ (తాళం పట్టుకున్న చిన్న పనికి, ఆగి ఉన్న పెద్ద పని ప్రయారిటీ ఇవ్వడం) ఆన్ చేస్తే సరిపోయింది. నువ్వు మిడిల్‌వేర్ థ్రెడ్లకి కూడా ప్రయారిటీ ఇవ్వు, వాటిని రెండు కోర్లకి కట్టు, కెమెరాల యూఎస్‌బీ ఇంటరప్టుల్ని వేరే కోర్ మీదికి తోలు. మెమరీ డిస్క్‌కి పోకుండా ఎమ్‌లాక్‌ఆల్‌తో బిగించు. లినక్స్‌ని రియల్ టైమ్‌కి పనికొచ్చేలా చేసే ప్రీఎంప్ట్ ఆర్‌టీ 2024లో 6.12 కెర్నల్‌తో ప్రధాన లినక్స్‌లోకి వచ్చింది కదా, అది పెట్టమంటారా అన్నావు. పెట్టొచ్చు. ముందు కెర్నల్ ఆలస్యం కొలిచే సైక్లిక్‌టెస్ట్ ఒక రాత్రంతా నడిపి చూడు. మామూలు కెర్నల్ మీదే గరిష్ఠం ఒకట్రెండు మిల్లీసెకన్లు దాటకపోతే నీ 60కి కెర్నల్ కారణం కాదని తేలిపోతుంది.

ఆటోనగర్ షెడ్డులో తెలియనిది ఇంకొకటి. ఇప్పుడు ట్రయల్ నడుస్తున్న చోట మేలో మిషన్ గది 45 డిగ్రీలుంటుంది. గాల్లో మిరప దుమ్ము, నేను అరగంట నిలబడితే తుమ్ములు ఆగవు. ఫ్యాన్ ఫిల్టరు వారంలో ఎర్రగా మూసుకుపోతుంది. బోర్డు వేడెక్కితే క్లాకు తగ్గించుకుంటుంది, అన్ని అంకెలూ కలిసి పెరుగుతాయి, మళ్లీ తిట్లు మిడిల్‌వేర్‌కే. లేటెన్సీ లాగ్‌లో ప్రతి సెకనుకీ ఉష్ణోగ్రత, క్లాకు కూడా రాయి.

సాకెట్లు ఎప్పుడు రాస్తానంటే: జీపీయూ నుంచి మైక్రోకంట్రోలర్‌కి పోయే ఆ 8 బైట్ల చీటీ. అక్కడ మిడిల్‌వేర్ అక్కర్లేదు, నేరుగా క్యాన్ మీద రాసెయ్యి. మిగతాదంతా ఉండనివ్వు.

మీ మేనేజరుగారిని ఒప్పించడానికి రేపు ఒక పని చెయ్యి. కోడు ఒక్క అక్షరం మార్చకు. క్యాబిన్లో స్క్రీన్ నోడ్ ఆపేసి గంటసేపు మిషన్ నడుపు, హిస్టోగ్రాం తియ్యి. మళ్లీ స్క్రీన్ నోడ్ ఆన్ చేసి ఇంకో గంట. రెండు బొమ్మలూ ఇక్కడ పెట్టు. స్క్రీన్ ఆపినా గెంతు అలాగే ఉంటే నా అనుమానం తప్పు, అప్పుడు పెర్ఫ్ ట్రేస్ (సీపీయూ టైము ఎక్కడ పోయిందో చూపే రికార్డు) తీసి పంపు, యూఎస్‌బీ డ్రైవర్ వైపు నుంచి మళ్లీ మొదలుపెడదాం. ఓనరుగారు స్క్రీన్ ఎందుకు ఆగిందని అడిగితే కేబుల్ మారుస్తున్నామని చెప్పు.